నెమలి కన్నీరు కాదు, నెమలి గుడ్డు

పుస్తకంలో దాచిన నెమలీక పిల్లలు పెడుతుందని నమ్మని బాల్యం తెలుగునాట అరుదు. దానికి మేతగా ఎవరి ఊళ్ళో ఏమి వేసేవారో వారికే తెలియాలి. మా వైపు ఈతాకు తుంపులు వేసేవాళ్ళం. వారానికొకసారి పుట తెరిచి చూడడం, పిల్ల పుట్టలేదని నిట్టూర్చడం, ఇంకొక పుటలోకి మార్చడం. ఆ నమ్మకం వల్ల ఎవరికీ కీడు జరగలేదు. పిల్లవాడికి నూనూగు మీసాలు వచ్చేనాటికి అది దానంతట అదే రాలిపోయేది, వానలు వెనుకబట్టగానే మగనెమలి పింఛం రాలిపోయినట్లు.

రాలిపోని నమ్మకం ఇంకొకటి ఉన్నది. మగనెమలి ఆజన్మ బ్రహ్మచారి అట. మేఘాన్ని చూసి నాట్యమాడుతూ కన్నీరు కారుస్తుందట. ఆ కన్నీటి బొట్టు నేల రాలకముందే ఆడనెమలి నోట పట్టి మింగి గర్భం ధరిస్తుందట. అందుకే అది పవిత్ర పక్షి అట, అందుకే శ్రీకృష్ణుడు దాని పింఛాన్ని శిరసున ధరించాడట. ఈ కథను నేను పురాణ కాలక్షేపాలలో విన్నాను, పెళ్ళి పందిళ్ళలో విన్నాను, ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలో జీవశాస్త్రంలో పట్టా ఉన్నవారి నోట కూడా విన్నాను. ఇప్పుడు చేతిలోని ఫోనులో వారానికొకసారి శంఖుచక్రాల బొమ్మతో సహా వచ్చి పడుతున్నది. 2017 మే 31న రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి మహేశ్ చంద్ర శర్మ తమ పదవీ విరమణ నాడు విలేకరులతో ఇదే మాట చెప్పారు. దేశమంతా రెండు రోజులు నవ్వుకున్నది. నవ్విన వారిలో ఎందరు మరునాడు తమ పిల్లలకు అసలు సంగతి చెప్పారో నాకు అనుమానమే.

నవ్వి ఊరుకోదగిన సంగతి కాదిది. నేను మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పక్షిశాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ టపా రాయడానికి కారణం, ఈ అబద్ధం మన సాహిత్యం పేరు చెప్పుకొని చెలామణి అవుతున్నది కాబట్టి. "పెద్దలు చెప్పారు" అంటారు. ఏ పెద్దలు? ఎక్కడ? పెద్దలు చెప్పినది వేరు. వారు చూసినది గుడ్డును. మనం ఆ గుడ్డును మరిచిపోయి కన్నీటిని పట్టుకున్నాము. ఆ మరుపు వల్ల ఏటా మన పొలాల్లో, మన అడవి అంచుల్లో నెమలి గుడ్లు చెడిపోతున్నాయి. నా వాదం ఇంతే, ఇక విస్తరిస్తాను.

మొదట జరిగేదేమిటో చెప్పుకుందాం. మగనెమలి పింఛం నిజానికి తోక కాదు. తోక దాని వెనుక పొట్టిగా, గోధుమరంగులో ఉండి పింఛానికి ఊతకోల వలె నిలుస్తుంది. తోకమీద కప్పుగా పెరిగే ఈకలే, సుమారు నూటయాభై, మనం చూసే పింఛం. అది పూర్తిగా రావడానికి మగపక్షికి మూడేళ్ళు పడుతుంది. జోడుకట్టే ఋతువులో మగపక్షులు తలా ఒక జాగా పట్టుకొని పురి విప్పి ఆడుతాయి. ఆడపక్షి వచ్చి, ఒకదాని తరువాత ఒకదానిని చూసి, నచ్చినదాని ముందు కూర్చుంటుంది. అప్పుడు మగది ఒక్క కేక వేసి మీదికి వస్తుంది. కోళ్ళలో జరిగినట్లే రెండు పక్షుల అవస్కరాలు కలుస్తాయి. అంతా కొన్ని క్షణాల వ్యవహారం. ఆ బీజాన్ని ఆడపక్షి తన అండవాహికలో దాచుకొని, రోజు విడిచి రోజు ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. ఇంట్లో కోళ్ళు పెంచిన ప్రతి అవ్వకూ ఇది తెలుసు: పుంజును అమ్మేసిన తరువాత కూడా రెండు మూడు వారాల దాకా పెట్ట పెట్టిన గుడ్లు పిల్లలవుతాయి. ఆ అవ్వ పుంజు కన్నీటి కథ ఏనాడూ చెప్పలేదు. మరి నెమలి కూడా కోడి వంశపు పక్షే కదా! పింఛం అందంగా ఉన్నంత మాత్రాన శరీరధర్మం మారిపోతుందా?

ఈ కథ ఎలా పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మగది పురి విప్పి ఆడుతున్నప్పుడు ఆడది ఏమీ పట్టనట్లు దాని ముందు నేల మీద గింజలు ఏరుకుంటూ తిరుగుతుంది. దూరం నుంచి చూసినవాడికి ఏదో రాలినదాన్ని ఏరుకొని తింటున్నట్లు కనిపిస్తుంది. అసలు కలయిక క్షణమాత్రం, అదీ తెల్లవారుజామున పొదల చాటున. చూడనిదాన్ని ఊహ పూరించింది. అంతవరకు క్షమార్హమే. కానీ ఊహను శాస్త్రమనీ, ధర్మమనీ పీఠమెక్కించడం క్షమార్హం కాదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఒకటున్నది. ఇందులో తల్లి లేదు. ఉన్నదల్లా మగపక్షి బ్రహ్మచర్యం, మగపక్షి నాట్యం, మగపక్షి కన్నీరు. ఆడపక్షి పని నోరు తెరవడం మాత్రమే! నిజం దీనికి పూర్తిగా విరుద్ధం. పురి ముడిచిన తరువాత మగనెమలికి సంతానంతో ఏ సంబంధమూ లేదు. గూటికి చోటు వెదకేది తల్లి. పరికి పొద కిందనో, కలే పొద కిందనో నేల మీద గుంట చేసుకొని నాలుగు ఆకులు పరుచుకునేది తల్లి. నాలుగు మొదలుకొని ఏడెనిమిది వరకు గుడ్లు పెట్టి 28 రోజులు కదలకుండా పొదిగేది తల్లి. దాని ఒంటి మట్టిరంగు మనకు అందం కాదు. ఎండుటాకుల మధ్య ఆ పక్షి మీద అడుగు పడబోయేదాకా మనిషికి కనిపించకుండా చేసే కవచం అది. పిల్లలు పొదిగాక తన ముక్కుతో పురుగును పట్టి చూపి తినడం నేర్పేది తల్లి. రెండు వారాలు తిరిగేసరికి వాటిని చెట్టుకొమ్మ మీదికి ఎక్కించి రెక్కల కింద దాచుకునేది తల్లి. ఇంత తపస్సును ఒక కన్నీటిబొట్టుతో తుడిచివేసి దానికి పవిత్రత అని పేరు పెట్టాము. తల్లిని తుడిచివేసిన పవిత్రత ఏమి పవిత్రత?

ఇక "పెద్దలు చెప్పారు" అనే మాట. మేఘసందేశంలో కాళిదాసు నెమళ్ళ కంట నీరు చూపిన మాట నిజమే. కళ్ళ కొసలు తెల్లగా ఉన్న నెమళ్ళు, తడిసిన కన్నులతో, తమ కేకలతో మేఘుడికి స్వాగతం చెబుతాయని యక్షుడు అంటాడు. కంటి చుట్టూ తెల్లని చర్మం ఉండడం నెమలికి నిజంగా ఉన్న లక్షణం. కవి ఎంత దగ్గరగా చూశాడో గమనించండి. ఆ కన్నీరు చిరకాల మిత్రుడు కనబడినప్పుడు వచ్చే ఆనందబాష్పం. అందులో గర్భధారణ ప్రసక్తి లేశమైనా లేదు. అదే కావ్యంలో యక్షుడి ఇంట ఒక పెంపుడు నెమలి ఉన్నది. యక్షపత్ని చేతిగాజులు గలగలలాడగా తాళం వేస్తే అది ఆడుతుంది. కవి దృష్టి అలాంటిది. ఆయన కవిత్వాన్ని ప్రసూతిశాస్త్రంగా చదివిన మనదీ తప్పు, ఆయనది కాదు.

అమరసింహుడు నెమలికి పేర్లు కూర్చినప్పుడు ఏ పేర్లు కూర్చాడు? బర్హము ఉన్నది కనుక బర్హి. శిఖ ఉన్నది కనుక శిఖి. కేక వేస్తుంది కనుక కేకి. మెడ నీలం కనుక నీలకంఠము. పాములను తింటుంది కనుక భుజంగభుక్కు. మేఘగర్జన విని ఆడుతుంది కనుక మేఘనాదానులాసి. ప్రతి పేరూ కంటితో చూసి, చెవితో విని పెట్టినదే. బ్రహ్మచారి అన్న పేరు ఆ వరుసలో లేదు. మన తెలుగులో నెమ్మి అంటే నెమలి అనీ అర్థమున్నది, ప్రేమ అనీ అర్థమున్నది. ఈ రెండర్థాలున్న మాట చేతిలో పెట్టుకొని నెమలికి బ్రహ్మచర్యం అంటగట్టడం తెలుగువాడికి తగునా?

అన్నిటికంటే గొప్ప సాక్ష్యం మయూరాండరస న్యాయం. వైయాకరణులూ, శైవ దార్శనికులూ దీన్ని వాడుకున్నారు. నెమలి గుడ్డును పగలగొడితే లోపల కనిపించేది ఏ రంగూ లేని ద్రవమే. కానీ ఆ నీలమూ, ఆ పచ్చా, ఆ బంగారు చాయా, ఆ చంద్రకాల కన్నులూ అన్నీ ఆ రసంలోనే విభాగం లేకుండా ఒదిగి ఉన్నాయి. కాలం వచ్చినప్పుడు విడివడి బయటపడతాయి. మాట పలకబోయేముందు పలికేవాడి బుద్ధిలో వాక్యమంతా అలాగే అఖండంగా ఉంటుందని వారు పోల్చారు. మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. మన పూర్వులు నెమలి గుడ్డు ముందు కూర్చొని భాషా తత్త్వం చెప్పారు, సృష్టి తత్త్వం చెప్పారు. వారి వారసులమని చెప్పుకునే మనం నెమలికి గుడ్డు ఎలా వస్తుందో కూడా చెప్పలేక కన్నీటి కథలు చెబుతున్నాము. సంప్రదాయాన్ని అవమానిస్తున్నది ఎవరు? నవ్విన వారా, చెప్పిన వారా?

మన నేలను విడిచి వెళ్ళిన నెమలిని పెంచుకున్న పరదేశులు ఏమి రాశారో కూడా చూద్దాం. నెమలి వర్తకుల ఓడలెక్కి పడమటికి వెళ్ళిన పక్షి. బావేరు జాతకం ఆ ప్రయాణపు కథే. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ తన జంతు గ్రంథంలో నెమలి మూడేళ్ళ వయసులో సంతానానికి వస్తుందనీ, గుడ్లను రెండు మూడు రోజుల ఎడంతో పెడుతుందనీ, సుమారు 30 రోజులకు పిల్లలవుతాయనీ, మగపక్షి గుడ్లను చిదిపేస్తుంది కనుక కొందరు వాటిని కోడి కింద పెడతారనీ రాశాడు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దంలో కొలుమెల్లా అనే రోమను వ్యవసాయ గ్రంథకర్త ఇంకా వివరంగా రాశాడు. గుడ్లు ఎప్పటికప్పుడు తీసివేస్తే నెమలి ఏడాదిలో మూడు విడతలు పెడుతుందట: మొదట అయిదు, తరువాత నాలుగు, చివర మూడో రెండో. కోడి కింద అయిదు నెమలి గుడ్లు, నాలుగు కోడిగుడ్లు పెట్టమన్నాడు. పదవ రోజున ఆ కోడిగుడ్లను తీసివేసి అన్నే కొత్త కోడిగుడ్లు పెట్టమన్నాడు. ఎందుకు? కోడిపిల్లకు 21 రోజులు చాలు, నెమలిపిల్లకు దాదాపు 30 కావాలి. అప్పుడు రెండు రకాల పిల్లలూ ఒకే రోజున బయటికి వస్తాయి. కోడి రెక్కకు నెమలి గుడ్డు పెద్దది, తిప్పలేదు కనుక మనిషే తిప్పాలన్నాడు. తిప్పినది గుర్తుండడానికి గుడ్డుకు ఒకవైపు సిరాచుక్క పెట్టుకొమ్మన్నాడు. ఈ రోమనులు నెమలిని తినడానికి పెంచారు, నాకు వారిమీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కానీ పక్షిని చూసి రాశారు. లెక్కపెట్టి రాశారు. మనకు జాతీయ పక్షి, వారికి భోజనం; తెలుసుకున్నది మాత్రం వారు! ఇది మనకు సిగ్గు కాదా?

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. అబద్ధానికి మూల్యం ఇక్కడే చెల్లిస్తున్నాము.

మా కొత్తగూడెం చుట్టుపక్కల పల్లెల్లో దుక్కి దున్నేటప్పుడో, పొదలు కొట్టేటప్పుడో నెమలి గుడ్లు బయటపడడం కొత్త కాదు. వాటిని ఇంటికి తెచ్చి కోడి కింద పెట్టడమూ కొత్త కాదు. మా బడిలో చదివిన ఒక కుర్రవాడి తండ్రితో జరిగిన సంభాషణ ఇది.

"సారూ, దున్నుతుంటే అయిదు కనబడ్డయి. ఒదిలేస్తే కుక్కలు తింటయి గదా అని తెచ్చి కోడి కింద పెట్టిన. పున్నెం వస్తదనుకున్న."

"కోడి తన గుడ్ల మీద ఉన్నదా అప్పటికే?"

"ఉంది సారూ. ఎనిమిది దాని గుడ్లు, వాటితో కలిపి పెట్టిన. దాని పిల్లలయితే లేసినయి. అది పిల్లల్ని తీసుకొని దొడ్లోకి పోయింది. ఇవి చల్లబడ్డయి."

కోడికి లెక్క తెలుసు. దాని పిల్లలు 21వ రోజున పుట్టాయి, అది లేచింది. ఇంకొక వారం వెచ్చదనం కావలసిన అయిదు నెమలి ప్రాణాలు గుడ్డులోనే ఆగిపోయాయి. ఆ మనిషి దుర్మార్గుడు కాదు; దయగలవాడు. రెండువేల ఏళ్ళ కిందట రోములో ఒక రైతుకు తెలిసిన లెక్క మన రైతుకు ఎవరూ చెప్పలేదు. బడిలో చెప్పలేదు, గుడిలో చెప్పలేదు. రెండు చోట్లా చెప్పినది కన్నీటి కథ.

"అయితే లెక్క ప్రకారం పెడితే సరిపోతుంది కదా, మాష్టారూ" అనేవారున్నారు. సరిపోదు. పిల్ల బయటికి వచ్చినా కోడి దొడ్డి నెమలిపిల్లకు మృత్యుద్వారం. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక రకం నులిపురుగు గుడ్ల ద్వారా హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి వ్యాపిస్తుంది. కోడి దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. సీమకోళ్ళూ, నెమళ్ళూ తట్టుకోలేవు, కాలేయం చెడి చస్తాయి. రాణిఖేతు తెగులు సరేసరి. ఇవన్నీ దాటి బ్రతికినది కూడా కోడిని తల్లి అనుకొని పెరుగుతుంది. కోడి రాత్రి గంప కిందికి వెళుతుంది, నెమలి చెట్టెక్కాలి. చెట్టెక్కడం నేర్పే తల్లి లేని పిల్ల కుక్కకో పిల్లికో ఆహారం. పెంచినవాడి చేతి గింజలకు అలవాటుపడిన పక్షిని అడవిలో వదిలిపెట్టడం విడుదల కాదు, వెళ్ళగొట్టడం.

పైగా చట్టం సంగతి. నెమలి 1963లో జాతీయ పక్షి అయినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. 2022 సవరణ తరువాత కూడా అక్కడే ఉన్నది. ఆ చట్టంలో "వేట" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ చదవదగినది. చంపడం, పట్టడం మాత్రమే వేట కాదు. అడవిపక్షి గుడ్లను పాడుచేయడం, గుడ్లనుగాని గూటినిగాని కదిలించడం కూడా వేటే. అంటే పుణ్యానికని గుడ్లు తెచ్చుకున్నవాడు చట్టం దృష్టిలో వేటగాడు. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా, జరిమానా ఇరవైఅయిదు వేలకు తక్కువ కాకుండా. 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లాలో ఒకతను నెమలి కూర వండుతున్నానని వీడియో పెట్టి అరెస్టయితే అందరమూ ఛీ అన్నాము. కూర వండేవాడికి తాను చేసేది తప్పని తెలిసే ఉంటుంది. గుడ్లు తెచ్చినవాడికి తెలియదు. తెలియజెప్పవలసినవారు ఎవరు?

ఇక్కడ ఎదుటివారి మాటలు మూడు ఉన్నాయి. వాటికి జవాబు చెప్పకుండా ముగించడం వాదధర్మం కాదు.

మొదటివారు అంటారు: అమెరికాలో, ఐరోపాలో నెమళ్ళను కోళ్ళవలె పెంచుతున్నారు, యంత్రాల్లో పొదిగిస్తున్నారు, తెల్లనెమళ్ళు అమ్ముతున్నారు, మన పక్షిని మనమే పెంచుకోరాదా? యక్షుడి ఇంట లేదా? నిజమే, అక్కడ గుడ్లు రోజూ తీసివేసి తల్లిచేత మళ్ళీ మళ్ళీ పెట్టిస్తారు, దాదాపు వంద డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర నాలుగు వారాలు యంత్రంలో తిప్పుతారు. అక్కడ ఆ పక్షికి వెళ్ళడానికి అడవి లేదు. ఇక్కడ ఉన్నది. ఇక్కడ పెంపకానికి తలుపు తెరిస్తే దొడ్లో పెట్టిన గుడ్డు ఏదో, పొదలోనుంచి తెచ్చిన గుడ్డు ఏదో ఏ అధికారి చెప్పగలడు? గుడ్డుమీద ఊరి పేరు రాసి ఉండదు. రాలిన ఈకల వ్యాపారానికి చట్టం దేశం లోపల సందు ఇచ్చినందుకే, రాలిన ఈక ఏదో పీకిన ఈక ఏదో తేల్చలేక తంటాలు పడుతున్నారు. గుడ్లకూ ఆ సందు వద్దు. తెల్లనెమలి అంటారా, అది వేరే జాతి కాదు. ఈకల్లో రంగు లోపించిన అదే నెమలి. ఆ లోపాన్ని తరతరాలుగా ఏరి పెంచి అందమని అమ్ముతున్నారు. మయూరాండరసంలో ఒదిగిన రంగులన్నీ కడిగివేసి దాన్ని శోభ అనడం నాకు రుచించదు.

రెండవవారు రైతులు. వారి మాటను నేను శిరసావహిస్తాను. దేశంలో నెమళ్ళ సంఖ్య తగ్గడం లేదు, గత రెండు దశాబ్దాలలో బాగా పెరిగిందని పక్షి గణకులే చెబుతున్నారు. విత్తిన వేరుశనగను, మొలకెత్తిన పెసరను, మిరప నారును గుంపులు తినిపోతే నష్టపోయేది కవి కాదు, రైతు. 2016లో గోవా ప్రభుత్వం నెమలిని పంటకు చీడగా ప్రకటించే ఆలోచన చేసినదంటే ఊరికే కాదు. కాబట్టి నెమలి అంతరించిపోతున్నదని నేను దొంగ ఏడుపు ఏడవను. కన్నీటి కథ వద్దన్నవాడిని నేనే కన్నీటి కథ చెప్పరాదు. పంట నష్టానికి పరిహారం ఉండాలి, అది దరఖాస్తుల కట్టల్లో మగ్గకుండా అందాలి. అది ప్రభుత్వం బాధ్యత. కానీ విషం కలిపిన గింజ చల్లడం జవాబు కాదు. ఆ గింజ నెమలిని మాత్రమే ఏరి చంపదు. పిచ్చుకనూ, కౌజునూ, ఇంటి కోడినీ చంపుతుంది.

మూడవవారు అంటారు: నమ్మకం కదా, ఎవరి నమ్మకం వారిది, మీకెందుకు? నాకెందుకంటే, ఆ నమ్మకం మన కళ్ళను మగపక్షి మీదనే నిలిపి గూటి మీదినుంచి తప్పించింది. నెమలిని ప్రేమిస్తున్నామంటాము, ప్రేమించేది పింఛాన్ని. గుడ్డు ఎక్కడుంటుందో తెలియని ప్రేమ గుడ్డి ప్రేమ.

మా ప్రాంతపు క్యాలెండరు ఒకసారి చూడండి. దక్షిణాదిన నెమళ్ళు ఏప్రిల్, మే నెలలనుంచే గుడ్లకు వస్తాయి, వానలతో పాటు ఆ కాలం సాగుతుంది. సరిగ్గా దానికి ముందూ, అదే సమయంలోనూ మా అడవుల్లో ఏమి జరుగుతుంది? ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకుకు నిప్పు పెడతారు. తునికాకు లేతగా చిగురించాలని పొదలు కొట్టి, కొన్నిచోట్ల కాలుస్తారు. ఆ వెంటనే ఆకు కోత. అది ఆదివాసీల జీవనాధారం; దాన్ని ఆపమనడానికి నాకు నోరు రాదు. కానీ కొట్టడం వేరు, కాల్చడం వేరు. నిప్పు దాటిన నేలమీద గూడు పెట్టడానికి పొద మిగలదు, పొదిగే తల్లిని దాచడానికి ఎండుటాకు మిగలదు. కిన్నెరసాని అభయారణ్యం మా ముంగిట 635 చదరపు కిలోమీటర్లు ఉన్నది. ఆదివారం జనం జలాశయంలో పడవెక్కి, జింకలను చూసి, నెమలి కనిపిస్తే ఫోటో తీసుకొని వస్తారు. దాని గూడు ఏ పొద కింద ఉంటుందని అడిగిన పిల్లవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. అడగాలని మనం నేర్పితే కదా! సింగరేణి ఉపరితల గనుల మట్టిగుట్టల మీద పెంచిన మొక్కల్లో కూడా నెమళ్ళు తిరుగుతాయి. బొగ్గు తవ్వి పోసిన మట్టిమీద కూడా కాసింత పొద దొరికితే అది గూడు కడుతుంది. దానికి కావలసినది అంతే.

2025 మార్చి చివర హైదరాబాదులో విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి భూముల్లో రాత్రివేళ యంత్రాలు చెట్లు కూల్చుతుంటే నెమళ్ళ అరుపులు ఫోనుల్లో ఊరూరా వినిపించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని నిలిపివేసింది. ఆ బొమ్మల్లో కొన్ని కృత్రిమ మేధ తయారు చేసినవని ప్రభుత్వం వాదించింది. బొమ్మల తగవు వారు తేల్చుకోనీయండి. నేను అడిగేది ఒకటే. ఆ కేకలు విని కంటతడి పెట్టిన వారిలో ఎందరికి అది నెమళ్ళు గూటికి వచ్చే కాలమని తెలుసు? కేకలు వేసిన పక్షి ఎగిరి వేరే చోటికి పోగలదు. గుడ్డు పోలేదు. గుడ్డుకు కేక కూడా లేదు.

ఈ నేల మీద నెమలికి పలికిన మొదటి అభయం కన్నీటి వల్ల రాలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలు నేటికీ ఉన్నాయి. మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటశాల లెక్క తానే బయటపెట్టాడు: రోజుకు రెండు నెమళ్ళు, ఒక జింక, ఇకమీదట అవీ చంపబడవని ప్రకటించాడు. లెక్క చెప్పి, మాట ఇచ్చాడు. మనకు కావలసినది ఆ పద్ధతి. కథ కాదు, లెక్క. ఆరాధన కాదు, మాట.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. తెలుగు వాచకంలో నెమలి పాఠం వచ్చినప్పుడు జీవశాస్త్రం మాష్టారి కోసం ఎదురుచూడకండి. నాలుగు అంకెలు చెప్పండి: నేలమీద గూడు, నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు, 28 రోజులు, ఒంటరి తల్లి. మయూరాండరస న్యాయం చెప్పండి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అది అర్థమవుతుంది, నేను చెప్పి చూశాను. పిల్లలు సిగ్గుపడతారని అవస్కరం మాట దాటవేయకండి. దాటవేసిన చోటనే కన్నీటి కథ వచ్చి కూర్చుంటుంది. ప్రవచనకారులు చాలామంది విద్వాంసులు, వారికి నేను చెప్పదగినవాణ్ణి కాను. కానీ కాళిదాసును ఉదాహరించేటప్పుడు పూర్తి శ్లోకం ఉదాహరించమని మాత్రం కోరుతున్నాను.

రైతు సోదరులకు చెప్పవలసినది ఇంకా చిన్నది. దుక్కిలో గూడు కనబడితే గుడ్లు ముట్టకండి. ఆ పొద చుట్టూ నాలుగు సాళ్ళు వదిలిపెట్టి నాగలి పక్కకు తిప్పండి, అటవీ సిబ్బందికి ఒక మాట చెప్పండి. తల్లి సాయంత్రానికి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. నాలుగు వారాల తరువాత ఆ నాలుగు సాళ్ళూ మీవే.

పుణ్యం కావాలంటే అదే పుణ్యం. ఖర్చు లేదు, కన్నీరు అక్కరలేదు.